బండ్లు పోయిన డొంకలు

లేపాక్షికి వచ్చేవాళ్లంతా తారు రోడ్డు మీదే వస్తారు. బెంగళూరు–హైదరాబాదు హైవేలో కొడికొండ చెక్‌పోస్టు దగ్గర పడమటికి తిరిగితే సుమారు 16 కిలోమీటర్లు. హిందూపురం నుంచైతే 15. నంది ముందు ఫోటో దిగి, వీరభద్రుడి గుళ్లో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి, ఎండ ముదరకముందే వెనక్కి పోతారు. ఊరి వెనకాల మొదలయ్యే డొంకల సంగతి వాళ్లకు ఎవరూ చెప్పరు. రెండు చేల నడుమ బండి వెడల్పున ఎర్రగా సాగి, వంకలోకి దిగి, మిట్టెక్కి, గుండ్ల గుట్టను చుట్టుకొని పక్క ఊరి చెరువు కట్టను కలిసే దారులవి. చోళసముద్రం వైపు పోయినా, కంచిసముద్రం వైపు పోయినా అట్లాంటివి దొరుకుతాయి. కారు రాదు, లారీ అసలే రాదు. సైకిలు తొక్కేవాడికి ఇంతకన్నా మంచి నేల నేనెక్కడా చూడలేదు.

ఈ దారుల గొప్పదనమంతా ఆ నేలలోనే ఉంది. అచ్యుతదేవరాయల కాలంలో, 1530ల ప్రాంతంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు గుడి కట్టించిన కూర్మశైలం గ్రానైటే. నందిని తొలిచిందీ గ్రానైటులోనే. చేలల్లో ఎద్దులు పడుకున్నట్టు కనిపించే గుండ్లూ అవే. ఆ రాయి యుగాల ఎండకూ వానకూ చితికి గరుసయింది. పిడికిట్లోకి తీసుకుంటే తెల్లటి పలుకులు, వాటిని పట్టి ఉంచేంత ఎర్రమట్టి. పడమటి కనుమల చాటున పడి, ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వానతో ఈ సీమ రైతు పడే పాట్లు అందరికీ తెలిసినవే. ఆ కాస్త వానా ఈ గరుసు మీద నిలవదు. పొద్దున కురిస్తే సాయంత్రానికి చక్రం హాయిగా తిరుగుతుంది. అదే పాత అనంతపురం జిల్లా ఉత్తరాన, తాడిపత్రి వైపు నల్లరేగడిలో వాన వెలిశాక సైకిలు దింపితే పది బారలు పోకముందే మడ్‌గార్డులో మట్టి బిగిసి చక్రం ఆగిపోతుంది.

ఫ్రాన్సులో కొండలూ అడవులూ ఉన్న పల్లె ప్రాంతాలకు, మోర్వాన్‌కూ సెవెన్‌కూ మాసిఫ్ సెంట్రాల్‌కూ, గరుసుదారుల సైకిలు ప్రయాణాల్లో మంచి పేరుంది. ఓక్, బీచ్ చెట్ల నీడన మైళ్లకు మైళ్లు మోటారు చప్పుడు వినపడకుండా తొక్కవచ్చు. ఆ నీడ మనకు లేదు, ఆ వాగులూ లేవు. దానికి నాకు బాధ లేదు, ఎవరి నేల వాళ్లది. ఆ దారులకు అక్కడ దొరికిన కాపుదల చూస్తే మాత్రం మనసు చివుక్కుమంటుంది. బుర్గుండీలో గివ్రీ నుంచి క్లూనీ దాకా రైళ్లు మానేసిన పాత పట్టాల దారిని 1997లో సైకిళ్లకూ నడిచేవాళ్లకూ ఇచ్చారు. 2004లో అట్లాంటి పచ్చదారులకు రోడ్డు చట్టంలోనే చోటు దొరికింది. మోటారు బండ్లకు అక్కడ ప్రవేశం లేదు. అంతకన్నా ముఖ్యమైనది పాత ఊరిదారుల సంగతి. అవి పంచాయతీ సొత్తు. అమ్మాలంటే జనం ఆ దారిన పోవడం మానేసి ఉండాలి, బహిరంగ విచారణ కూడా జరగాలి. అంటే నడిచేవాళ్లూ తొక్కేవాళ్లూ ఉన్నంతకాలం దారికి ప్రాణం ఉన్నట్టే లెక్క. ఆదివారం సరదాకు సైకిలెక్కినవాడు కూడా తెలియకుండానే దారికి సాక్షిగా నిలబడతాడు.

మనకు చట్టం లేదనుకుంటే పొరపాటు. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ఊరి దారులనూ బాటలనూ సర్కారు ఆస్తిగానే ఎంచింది. సర్వే వాళ్ల పొలం కొలతల పుస్తకం, ఎఫ్‌ఎంబీ, తెరిస్తే బండిదారులు చుక్కల గీతలుగా ఇప్పటికీ కనిపిస్తాయి. అడంగల్లో రస్తా పోరంబోకు అని రాసి ఉంటుంది. కాగితం మీదున్న దారిని నేల మీద కాపాడింది మాత్రం ఎద్దులబండి. ఎరువు తోలడానికి, సెనక్కాయ కట్టె ఇంటికి చేర్చడానికి, హిందూపురం సంతకు చింతపండు వేసుకుపోవడానికి బండి తిరిగినన్నాళ్లు దారిలోకి జరగడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. కరువుల్లో మేత లేక ఎద్దులు పోయాయి, ట్రాక్టర్లు వచ్చాయి, మోటారు సైకిళ్లు తారు రోడ్డుకు అలవాటు పడ్డాయి. డొంకలో మనిషి జాడ తగ్గింది. పక్క చేనివాడు ఏటా ఒక్క సాలు లోపలికి దున్నుకుంటూ వస్తే చాలు, కొన్నేళ్లకు బండి పట్టే చోట మేక కూడా పట్టదు. మిగిలిన జాగాను సర్కారు కంప కమ్మేస్తుంది.

బండి వదిలిపెట్టిన ఆ పనిని సైకిలు అందుకోగలదని నా నమ్మకం. అందుకు ఖరీదైన సైకిలే ఉండాలని లేదు. ఇప్పుడు గ్రావెల్ సైకిలు పేరుతో అమ్మేవాటికి టైరు వెడల్పు 40 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. మన నాన్నలు తొక్కిన అట్లాసుకూ హెర్క్యులీసుకూ వేసిన 28 ఇంటూ ఒకటిన్నర టైరు వెడల్పూ దాదాపు అంతే! పాల క్యాన్లు తగిలించుకొని, వెనక క్యారియరు మీద పట్టుగూళ్ల మూట కట్టుకొని వాళ్లు తిరిగింది ఈ గరుసు మీదే. గేర్లు లేవన్న మాటే గానీ, మిట్ట వస్తే దిగి తోసుకుపోయేవాళ్లు. ఇప్పుడూ దిగి తోయడంలో తప్పేమీ లేదు.

ముల్లు గురించి మాత్రం ముందే చెప్పాలి. కంపముల్లు కంటికి కనిపిస్తుంది, తప్పించుకోవచ్చు. పల్లేరు కనిపించదు. నేలకు పరుచుకొని చిన్న పసుపు పూలు పూసే ఆ తీగ కాయ ఏ వైపు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. ప్రపంచంలో వేడి, పొడి నేలలున్న చాలా చోట్ల సైకిలు టైర్లకు ఇదే పల్లేరు శత్రువు. దక్షిణ ఫ్రాన్సులోనూ మొలుస్తుంది. కాబట్టి ట్యూబు లేని టైరులో చిల్లులు పూడ్చే ద్రవం పోసుకోవడమో, ప్యాచీలూ పంపూ సంచిలో పెట్టుకోవడమో చేయాలి. నీళ్లు అనుకున్నదానికి రెట్టింపు ఉండాలి. పొద్దు పొడవకముందే బయల్దేరి ఎండ ఎక్కేలోపు ముగించాలి. సెప్టెంబరు, అక్టోబరు వానల తర్వాత వస్తే సీతాఫలాల కాలం, చెరువుల్లో కాసిన్ని నీళ్లు. గుట్టల పక్క డొంకల్లో మునిమాపువేళ తిరగవద్దు, ఎలుగుబంట్లు దిగుతాయి.

దారి తప్పుతామన్న భయం వద్దు. ఫోనులో పటం డొంకను చూపించకపోయినా గొర్రెలు మేపుకునే పెద్దమనిషి ఒకరు ఎదురవుతారు. "యాడికి పోవల్లనా?" అని అడిగి, "ఇట్లే పో, వంక దాటినాక కానుగ చెట్టు కాడ ఎడమకు తిరుగు, బండిదారి వస్తాది" అంటారు. బండ్లు పోయినా ఆయన నోట అది ఇంకా బండిదారే. కన్నడం కలిసిన ఆ తెలుగు వింటుంటే ఇంకో రెండు మాటలు మాట్లాడబుద్ధవుతుంది.

2022లో లేపాక్షి గుడీ నందీ యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. యాత్రికులు పెరుగుతారు, రోడ్లు వెడల్పవుతాయి, పార్కింగులు వస్తాయి. రానీ. డొంకలకు మాత్రం తారూ సిమెంటూ పోయవద్దని నా మనవి. సిమెంటు పడిన మరునాడే కారు వస్తుంది, కారు వస్తే పిల్లవాడి సైకిలూ గొర్రెల మందా పక్కకు జరగాల్సిందే. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో రైతులు ఎవరి చేను కొలత వాళ్లు జాగ్రత్తగా చూసుకున్నారు. డొంక తరఫున నిలబడి చూసుకోవలసింది గ్రామసభ. ఎఫ్‌ఎంబీలో ఉన్న ప్రతి బండిదారినీ పేరుపెట్టి అడిగి, రెండు వైపులా రాళ్లు నాటించాలి. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. చేలకు పోయే మట్టిదారులు ఆ పనుల్లో ఎన్నో వేశారు. కూలీలకు ఈ కంప కొట్టే పని చూపించి, వంకలు దాటే చోట గుండ్రాళ్లు పరిపిస్తే చాలు. గరుసు ఇక్కడే ఉంది, తోలాల్సిన పని కూడా లేదు.