చిల్లిగవ్వ - ఫూటీ కౌడీ

చేతిలో పైకం లేనివానిని గూర్చి తెలుగువారు “వాని వద్ద చిల్లిగవ్వ కూడ లేదు” అంటారు. ఉర్దూ మాట్లాడేవారు “ఫూటీ కౌడీ భీ నహీ” అంటారు. మాటలు రెండు, భావం ఒక్కటే. ఇంట ఒక భాషను, బడిలో మరొక భాషను నేర్చిన మా వంటివారికి ఇట్టి జంట నుడికారాలు ఎదురైనప్పుడు కలిగే సంతోషం ఇంతింత కాదు. ఉభయ భాషలకు ఉమ్మడి ఆస్తియైన ఈ గవ్వ చరిత్ర ఎట్టిది?

గవ్వ ఒక సముద్రపు నత్త యొక్క గుల్ల. శాస్త్రజ్ఞులు ఈ నత్తను మొలస్కా వర్గంలో, గాస్ట్రోపోడా విభాగంలో, సిప్రియిడే కుటుంబంలో చేర్చారు. 1758లో లినేయస్ దీనికి ‘సిప్రియా మొనేటా’ అని నామకరణం చేశాడు. నేటి పేరు ‘మొనేటేరియా మొనేటా’. పేరులోనే నాణెం ఉన్నది. ప్రాణమున్నంత కాలం ప్రావారమనే మెత్తని పొర గుల్లను పైనుండి కప్పి కాపాడుతుంది. గవ్వ నునుపునకు అదే కారణం.

వీనిలో ఆడ, మగ వేరు. ఆడనత్త గుడ్లను చిన్న తిత్తులలో పెట్టి, వానిని తన పాదంతో కప్పి కూర్చుంటుంది. వెచ్చదనం కొరకు కాదు, శత్రువుల నుండి కాపుదల కొరకు. గుడ్ల నుండి వెలువడిన డింభకాలు మాత్రం ప్రవాహాల వెంట తేలిపోతాయి. అందుచేతనే ఈ జాతి ఎర్రసముద్రం, తూర్పు ఆఫ్రికా తీరం మొదలు పసిఫిక్ దీవుల వరకు వ్యాపించింది. అట్లాంటిక్ తీరమైన పశ్చిమ ఆఫ్రికాలో మాత్రం ఇది పుట్టదు.

నత్త చేరలేని చోటికి గుల్ల చేరింది. 1343లో మాల్దీవులు చేరి, అక్కడ ఖాజీగా పనిచేసిన ఇబ్న్ బతూతా, ఆ ద్వీపవాసులు గవ్వలను బంగాళానికి పంపి బియ్యం తెచ్చుకొనేవారని వ్రాశాడు. అక్కడ ఒక బంగారు దీనారుకు 4 లక్షల గవ్వలు. 1352-53లో ఆయన సహారా ఎడారి దాటి మాలీ రాజ్యం చేరగా, అక్కడ దీనారుకు 1,150 గవ్వలే!

ఈ వ్యత్యాసమే తరువాత ఘోరానికి దారితీసింది. 17, 18 శతాబ్దాలలో డచ్చి, ఆంగ్ల వర్తకులు హిందూ మహాసముద్రపు గవ్వలను ఓడలకెత్తి ఆమ్‌స్టర్‌డామ్, లండన్ మీదుగా గినీ తీరానికి చేర్చి, వానితో మనుష్యులను కొన్నారు. ఒక తల్లి తన గుడ్లను కాచుకొన్న గుల్లనే వెలగా చెల్లించి, మానవుడు మరొక తల్లి బిడ్డను బానిసగా తీసికొనిపోయాడు.

పరీక్ష తప్పిన బాలుని చూచి పెద్దలు “గవ్వకు కొరగాడు” అనుట, మరొక ఇంట “దో కౌడీ కా ఆద్మీ” అనుట మేము పలుమార్లు విన్నాము. ఆ మాట వినినప్పుడెల్ల, నిజముగనే గవ్వల లెక్కన అమ్ముడుపోయిన ఆ అభాగ్యులు మాకు జ్ఞప్తికి వస్తారు. వారి వెల నిర్ణయించినది వారి యోగ్యత కాదు, కొన్నవాని దురాశ. అంగడిలో గవ్వ విలువ ఊరూరికీ మారింది. మనిషి విలువ అట్టిది కాదు. కావున విద్యార్థులారా! “చిల్లిగవ్వ”, “ఫూటీ కౌడీ” అను మాటలను మన ఖాళీ జేబులకే పరిమితం చేద్దాము. తోటివాని మీద మాత్రం ప్రయోగింపకుందుము గాక!