మరునాటి నొప్పి



మన ఊళ్ల నుండి పట్నం వెళ్లేవారికి ఎల్‌బీ నగరే గుమ్మం. ఆసుపత్రి పనైనా, పెళ్లి బట్టలైనా, పిల్లల కోచింగైనా విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్, వనస్థలిపురం దాటి ఎల్‌బీ నగర్ చేరి, అక్కడి నుండి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లవలసిందే. ఇటీవల సంఘంలో కార్లు పెరిగాయి, దేవునికి స్తోత్రం. వెనుక నుండి బండి తగిలిందని చెప్పేవారూ పెరిగారు. అందరిదీ ఒకటే మాట: "దెబ్బేమీ తగల్లేదు పాస్టర్‌గారూ, బంపర్ సొట్టపోయింది, అంతే."

ఆ మాట మొదటి రోజే చెప్పదగినది కాదు. ఎందుకో ఒక సంగతి చెబుతాము.

సండే స్కూలు సామగ్రి కొని దిల్‌సుఖ్‌నగర్ నుండి తిరిగి వస్తున్నాము. మాతో మా ఇంటివారు, సంఘ పెద్ద ఒకరు ఉన్నారు. పెద్దాయనకు అరవై ఆరేళ్లు, వెనుక సీటులో కూర్చున్నారు. పండ్ల మార్కెట్టు 2021లో బాటసింగారం తరలిపోయింది గానీ కొత్తపేట రద్దీ మాత్రం ఎక్కడికీ పోలేదు. అక్కడ మా కారు ఆగి ఉండగా వెనుక నుండి ఒక ట్రాలీ ఆటో వచ్చి తగిలింది. పెద్ద వేగమేమీ కాదు. పదిమంది మూగారు, అందరూ వంగి బంపరే చూశారు. మేము పెద్దాయన మెడ గురించి అడిగితే "నాకేం కాలేదు, పోనివ్వండి" అన్నారు. ఆయన అబద్ధమాడలేదు. అప్పటికి నిజంగానే నొప్పి లేదు.

మరునాడు వేకువనే వాళ్లింటి నుండి ఫోను. వేపపుల్లతో పళ్లు తోముకుని ఉమ్మడానికి పక్కకు తిరగబోతే మెడ రాలేదట. తల వెనుక అడుగు భాగం నుండి నొప్పి పైకి పాకుతోందట, భుజాలు బిగుసుకుపోయాయట.

దీనిని వైద్యులు విప్‌లాష్ అంటారు. అంటే చర్నాకోల విసురు. 1928లో హెరాల్డ్ క్రో అనే అమెరికా వైద్యుడు వాడిన పేరు ఇది. వెనుక బండి తగలగానే సీటు మన నడుమును, వీపును ముందుకు నెడుతుంది. నాలుగైదు కిలోల తల మాత్రం ఉన్నచోటనే ఉండి వెనుకబడుతుంది, ఆ వెంటనే ముందుకు విసురుగా వస్తుంది. కన్ను మూసి తెరిచేలోపు మెడలోని కండరాలు, ఎముకలను పట్టి ఉంచే బంధనాలు సాగిపోతాయి. వాపు, బిగువు మెల్లగా వస్తాయి గనుక నొప్పి కొన్ని గంటలకు, ఒక్కోసారి ఒకటి రెండు రోజులకు గాని తెలియదు. కొందరికి తల తిరుగుతుంది, కొందరికి దవడ నొస్తుంది.

ఎల్‌బీ నగర్‌లో డాక్టరు గారు మొదట అడిగినది చేతులు తిమ్మిరెక్కుతున్నాయా అని. మెడ వెనుక నడి ఎముక మీద నొక్కి చూశారు. అరవై ఐదేళ్లు దాటినవారు గనుక ఎక్స్‌రే తప్పనిసరి అన్నారు. యాజకుడైన ఏలీ మాకు గుర్తుకొచ్చాడు. తొంభై ఎనిమిదేళ్లవాడు, పీఠం మీద నుండి వెనుకకు పడితేనే మెడ విరిగింది. వృద్ధుల ఎముక విషయం అంతే.

దేవుని కృపవలన ఎముకకు ఏమీ కాలేదు. పెద్దాయనకు మాత్రం సంతోషం కలగలేదు. "ఫోటోలో ఏమీ లేదంటే నా నొప్పి అబద్ధమా పాస్టర్‌గారూ?" అన్నారు. ఎంత న్యాయమైన ప్రశ్న! ఎక్స్‌రేలో కనబడేది ఎముక. సాగిన కండరం అందులో పడదు. రిపోర్టు బాగుందని ఇంట్లోవారు ఆయనను నాటకమాడుతున్నట్టు చూడకూడదు. ఈ మాట కొడుకులను, కోడళ్లను కూర్చోబెట్టి చెప్పాము.

ఇక వైద్యం. నొప్పికి మాత్రలు ఇచ్చారు. పట్టీ నెలల తరబడి కట్టుకుని కదలకుండా పడుకోవద్దని, ఓర్చుకోగలిగినంత మేర మెడను మెల్లగా అటూ ఇటూ తిప్పుతుండమని చెప్పారు. కదలకపోతే మెడ మరింత బిగుసుకుంటుంది. చాలామందికి కొన్ని వారాల్లో, రెండు మూడు నెలల్లో తగ్గుతుంది. కొందరికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

అయితే ఊరు ఊరుకుంటుందా? ఒకరు పుత్తూరు కట్టు కట్టించమన్నారు, ఇంకొకరు మంగలి షాపులో మెడ విరిపిస్తే ఒక్క దెబ్బకు పోతుందన్నారు. ప్రియులారా, దెబ్బతిన్న మెడను ఎవరిచేతా విరిపించకండి. ఎముకలో పగులుంటే ఆ ఒక్క విరుపుతో చేతులు కాళ్లు పడిపోవచ్చు. ప్రార్థించే మాలాంటి సేవకులకు కూడా ఇది వర్తిస్తుంది. కొన్ని కూడికల్లో తలపై చేతులుంచి వెనుకకు నెట్టడం చూస్తున్నాము. నూనె రాసి ప్రార్థించుదాం, తలను మాత్రం తోయనక్కరలేదు.

చేతులు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, నడక తడబడినా, మూత్రం ఆగకపోయినా, వాంతులైనా, మాట తికమకపడినా ఆలస్యం చేయకండి. రోడ్డు మీదనే ఇలా ఉంటే, కారుకు నిప్పంటుకోవడం లాంటి ప్రమాదం లేనప్పుడు ఆ మనిషిని బయటకు లాగవద్దు. తల కదలనీయకుండా పట్టుకుని 108కి ఫోను చేయండి. పోలీసులంటే భయపడేవారికి ఒక మాట: 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షను సాయపడినవారికి రక్షణ ఇస్తుంది. దాని పేరే గుడ్ సమారిటన్. లూకా సువార్తలోని ఆ సమరయుడు గాయాలు కట్టి వెళ్లిపోలేదు, మరునాటి వరకు ఉన్నాడు. పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. బండి తగిలినవారి ఇంటికి మనం ఫోను చేయవలసినది కూడా మరునాడే, ఆ తరువాతి రోజున మళ్లీ.

కారున్న సహోదరులకు ఒక పని. సీటు పైన తల ఆనుకునే దిండు అలంకారానికి కాదు, తల వెనుకకు విసరకుండా ఆపడానికి పెట్టినది. చాలా కార్లలో కొన్ననాటి నుండి కిందికి దించే ఉంటుంది. దాని పైఅంచు మీ తల ఎత్తుకు వచ్చేదాకా లేపండి, తలకు దగ్గరగా ఉండేలా సీటు సరిచేసుకోండి. వెనుక నడి సీటుకు దిండు లేకపోతే పెద్దవారిని అక్కడ కూర్చోబెట్టకండి.