అందం పుట్టే అడవి... అమ్రాబాద్!

అద్దంలో ఒక్క ముడత కనిపిస్తే చాలు... గుండెల్లో గుబులు! క్రీములు అయ్యాయి, ఫేషియళ్లు అయ్యాయి. ముఖమంతా సన్నటి సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్ కూడా నగరాల్లోకి వచ్చేసింది. దేన్ని చూసినా ఒకటే మాట... ‘పూర్తిగా సహజం’. ఇంతకీ సహజం అంటే ఏంటి? తేనె, ఉసిరి, బంక, కుంకుడు... మన అందానికి పనికొచ్చే సరుకు ఎన్నో పుట్టే చోటికే వెళ్లి అడిగితే? పదండి, నల్లమల ఎక్కుదాం!

హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే కడ్తాల్, ఆమనగల్లు, డిండి, హాజీపూర్... ఒక్కో ఊరూ వెనక్కి పోతుంది. మన్ననూరు రాగానే దృశ్యం మారిపోతుంది. పొలాలు ఆగిపోయి అడవి మొదలవుతుంది. నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఇది. దేశంలోని పెద్ద పులుల అభయారణ్యాల్లో ఒకటి. ఉమ్మడి రాష్ట్రంలో ఇది నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలో భాగం. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఇవతలి భాగం అమ్రాబాద్ పేరుతో వేరైంది. ఆ పేరిచ్చిన ఊరు మన్ననూరు నుంచి పక్కదారి పడితే వస్తుంది.

వానాకాలంలో వస్తే ఎటు చూసినా పచ్చదనమే. కానీ ఈ అడవి అసలు ముఖం చూడాలంటే మాత్రం ఎండలు ముదిరే వేళ రావాలి. ఆకులన్నీ రాలిపోయి, మోదుగపూలు మంటల్లా విచ్చుకునే రోజుల్లో!

చర్మం మార్చుకునే చెట్టు

ఆకులు రాలిన అడవిలో ఒక చెట్టు దూరం నుంచే కళ్లను లాగేస్తుంది. తెల్లగా, నున్నగా, వెన్నెల్లో తడిసినట్టుండే కాండం. అదే తపసి చెట్టు! రాళ్లగుట్టల మీద, మట్టి పెద్దగా లేనిచోట కూడా నిలబడుతుంది. దీని బెరడు పాతబడితే పల్చటి కాగితంలా పొరలు పొరలుగా ఊడిపోతుంది. కింద కొత్త పొర మిలమిలా మెరుస్తుంది. ఏ బ్యూటీపార్లరూ చేయలేని పని!

ఈ చెట్టుకు గాటు పెడితే ఊరేదే తపసి బంక. నీళ్లలో వేస్తే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. కట్టుడు పళ్లు అంటుకుని ఉండే పొడుల్లో, మందుల్లో, క్రీములూ లోషన్లూ చిక్కబడటానికి దీన్ని వాడుతూ వచ్చారు. నల్లమలలో పుట్టిన ఈ బంక చెంచుల చేతుల మీదుగా గిరిజన సహకార సంస్థకు, అక్కణ్నుంచి ఫ్యాక్టరీలకు చేరేది. అడవి బిడ్డలకు అదో ముఖ్యమైన రాబడి.

చిక్కు ఇక్కడే వచ్చింది. బంక ఎక్కువ కావాలన్న ఆత్రంలో గొడ్డళ్లతో లోతుగా నరికేవారు. గాయం మానక, పురుగుపట్టి చెట్లు నిలువునా ఎండిపోయేవి. తర్వాత విశాఖపట్నానికి చెందిన కోవెల్ ఫౌండేషన్ లాంటి సంస్థలు బంక సేకరించేవారికి మరో పద్ధతి నేర్పాయి. చిన్న కత్తితో, పైపైన, కొద్దిపాటి గాటు మాత్రమే పెట్టాలి. అది మానేదాకా ఆగాలి. అలా చేస్తే బంకా శుభ్రంగా వస్తుంది, చెట్టూ బతుకుతుంది. చిన్న గాయమైతే చర్మం తనను తాను బాగుచేసుకుంటుంది. పెద్దదైతే... ఓడిపోతుంది.

మరి సూదుల సంగతి?

ముఖానికి సూదులు గుచ్చే వైద్యులు చెప్పేదీ దాదాపు ఇదే. వెంట్రుకంత సన్నటి సూదితో చిన్న చిన్న గాయాలు చేస్తే అక్కడికి రక్తప్రసరణ పెరుగుతుందని, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ తయారవుతుందని వారి మాట. వినడానికి బాగానే ఉంది. రుజువులే పల్చన! 2013లో కొరియా పరిశోధకులు 28 మంది మహిళలపై ఓ చిన్న అధ్యయనం చేశారు. మూడు వారాల్లో అయిదుసార్లు సూదులు గుచ్చితే చర్మం బిగువు కాస్త మెరుగైనట్టు కనిపించింది. అయితే సూదులు వేయించుకోని వారితో పోల్చి చూడలేదు. కాబట్టి ఆ మార్పు సూదుల మహిమేనని తేల్చి చెప్పలేం.

సరదాపడి వెళ్లేవారు ఒక్క విషయం మర్చిపోకూడదు. సూది కొత్తదై ఉండాలి, ఒకసారి వాడి పారేసేదై ఉండాలి. రక్తం పల్చబడే మాత్రలు వాడేవారు ముందు తమ డాక్టర్ని అడగాలి. ముఖంమీద కమిలిన మచ్చలు కొన్నాళ్లు ఉండిపోవచ్చు.

అడవి అంగట్లో...

పోనీ, అడవి సరుకు సంగతేంటి? తేనె చర్మంలో తేమను నిలుపుతుంది. గాయాలకు కట్టే కట్లలో దాన్ని వైద్యులూ వాడతారు. ఉసిరిలో సి విటమిన్ దండిగా ఉంటుంది. అడవిలో మొర్రిపండ్లు తిని పడేసిన గింజల్లోంచి వచ్చే సారపప్పు మనకు మిఠాయిల్లోకి. ఉత్తరాదిలో దాన్నే పాలతో నూరి ముఖానికి పట్టిస్తారు. హాయిగా ఉంటుంది, చర్మం మెత్తబడుతుంది. ముడతల్ని మాత్రం ఇవేవీ చెరిపేయవు.

ఆ తేనె ఎలా వస్తుందో తెలిస్తే మాత్రం సీసా మూత తీసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. నిలువెత్తు కొండచరియల అంచున వేలాడే పట్టుల కోసం చెంచు యువకుడు తాడు పట్టుకుని లోయలోకి దిగుతాడు. పైన ఆ తాడు పట్టుకునేది బావమరిది. తన అక్కో చెల్లో పసుపు కుంకుమలు ఆ తాడుకే వేలాడుతున్నాయి మరి... వదలడన్న నమ్మకం! గడ్డలు తవ్వినా అంతే. మొత్తం పెళ్లగించరు, తీగ మళ్లీ చిగురించేలా మొదలు వదిలేస్తారు. 1940లో ఈ పెంటల్లో గడిపిన ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, చెంచుల జీవితం మీద 1943లో ఏకంగా ఓ పుస్తకమే ప్రచురించారు.

మరి వాళ్ల ముఖాలు?

‘ఇంత సహజమైన సరుకు చేతిలో ఉంది కదా, చెంచు అవ్వల ముఖాలు నిగనిగలాడుతుంటాయేమో’ అనుకుంటే పొరపాటు. మన్ననూరు సంతలోనో, రోడ్డు పక్క పెంటలోనో చూడండి. నుదుటన, బుగ్గలపైన గీతలే గీతలు. కారణం దాచిందేం కాదు. ముఖాన్ని అన్నిటికన్నా ఎక్కువ ముదిరిపోయేలా చేసేది ఎండ. ఆ తర్వాత పొగ... చుట్టదైనా, కట్టెల పొయ్యిదైనా! ఎండలో తిరిగి బంక, తేనె, ఉసిరికాయలు ఏరుకొచ్చేది వాళ్లు. ఏసీ గదిలో కూర్చుని వాటిని ముఖానికి రాసుకునేది మనం. మన ముడతల మీద బెంగతో సాగే వ్యాపారానికి కొంత మూల్యం వాళ్ల ముఖాలే చెల్లిస్తున్నాయన్నమాట.

మిగిలింది చెల్లిస్తున్నది అడవి. సహజం కావాలన్న మోజు పెరిగేకొద్దీ చెట్టుమీద గాట్లు పెరుగుతాయి. పండకముందే ఉసిరి దులిపేస్తారు. మొర్రికాయల కోసం కొమ్మలే విరిచేస్తారు. యురేనియం కోసం ఈ నేలను తవ్వొద్దంటూ 2019లో జనం గొంతెత్తితే శాసనసభ కూడా తీర్మానం చేసింది. కానీ చిన్న చిన్న గాయాలకు తీర్మానాలుండవు. వాటిని ఆపాల్సింది కొనే చెయ్యే. అందుకే తేనె సీసా కొనేటప్పుడు గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి, తెచ్చినవారికి అంతో ఇంతో దక్కుతుంది.

ఇక ముడతలకు మందా? పొద్దున్నే నెత్తిన గొడుగో కొంగో, పళ్లెంలో పండ్లూ కూరగాయలూ, పొగకు దూరం, కంటినిండా నిద్ర. వీటికి సూదుల కన్నా గట్టి రుజువులున్నాయి. ఖర్చూ తక్కువే!

ఎలా వెళ్లాలి?

హైదరాబాద్ నుంచి మన్ననూరు సుమారు 140 కిలోమీటర్లు. శ్రీశైలం బస్సులన్నీ ఇటే వెళ్తాయి. మన్ననూరు నుంచి ఫర్హాబాద్ వైపు అటవీశాఖ సఫారీ ఉంది, వానాకాలంలో మాత్రం ఆపేస్తారు. వటవర్లపల్లి దగ్గర మల్లెలతీర్థం జలపాతం, అచ్చంపేట వైపు శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా చెప్పే ఉమామహేశ్వరం చూడొచ్చు. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అడవి దారిలో వాహనాలను అనుమతించరు. ప్లాస్టిక్ వెంట తేవద్దు. తపసి చెట్టు కనిపిస్తే నున్నటి ఆ బెరడును ఒకసారి తాకి చూడండి... పేర్లు మాత్రం చెక్కకండి!