డొంకదారి తిరునాళ్ళు

తెలుగులో దారికి ఉన్నన్ని పేర్లు మరి దేనికైనా ఉన్నాయా అని నాకు అప్పుడప్పుడు సందేహం కలుగుతుంది. గోదావరి ప్రాంతాన పుంత అంటారు. గుంటూరు సీమలో డొంక అంటారు. రాయలసీమకు వస్తే అదే రస్తా అవుతుంది. మనుషులు నడిస్తే కాలిబాట, బండ్లు నడిస్తే బండ్లబాట. గొర్రెలు నడిచి నడిచి ఏర్పరచిన దానికి పేరు ఉండదు గాని, కాపరికి అదీ దారే. తారురోడ్డు వచ్చి ఈ మాటలన్నిటినీ ఒక్క గుక్కలో తాగేసింది. మా విద్యార్థులు పరీక్షలో "ఆధునిక కవిత్వం కొత్త పుంతలు తొక్కింది" అని నిస్సంకోచంగా రాస్తారు. పుంత అంటే ఏమిటో చెప్పమంటే మాత్రం తల గోక్కుంటారు. పుంతను తొక్కినవాడు వాళ్ళలో ఒక్కడూ లేడు.

నేను తొక్కాను. కాకపోతే కాలితో కాదు, మోటారు సైకిలుతో!

ఈ వేడుకను ఇంగ్లీషువారు డ్యూయల్ స్పోర్ట్ అంటారు. రెండు విధాల పనికివచ్చే బండి అన్నమాట. ఉత్త మట్టిపందేల కోసం చేసిన బండికి దీపం ఉండదు, నంబరు పలక ఉండదు. దానిని మరో వాహనంలోకి ఎక్కించి, పెళ్ళికూతురిని తీసుకుపోయినట్టు పందెం జరిగే చోటికి తీసుకుపోవాలి. ఈ బండికి ఆ హంగు అక్కరలేదు. దీపం, హారను, నంబరు అన్నీ ఉంటాయి. ఇంటి నుంచి తారురోడ్డు మీద మర్యాదగా బయలుదేరి, ఊరు దాటాక ఏ చింతచెట్టు దగ్గరో రోడ్డు వదిలి చేల మధ్యకు దిగిపోవచ్చు.

1968లో జపాను యమహావారు డి.టి.-1 అనే 250 సి.సి. బండిని అమెరికాలో అమ్మకానికి పెట్టిన తరువాత ఈ సరదా అక్కడి సామాన్యులకు బాగా అందింది. మన దేశంలో 2011లో హీరోవారు ఇంపల్స్ అనే 150 సి.సి. బండి తెచ్చారు. జనం దానిని వింతగా చూశారే గాని పెద్దగా కొనలేదు. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్‌వారి హిమాలయన్, 2019లో హీరోవారి ఎక్స్‌పల్స్ 200 వచ్చాక మన ఊళ్ళలో కూడా ఈ పిచ్చి కొందరికి పట్టుకున్నది.

ఈ బండిని చూస్తే మొదట నవ్వు వస్తుంది. మనిషి ఎక్కడానికి కాలు బాగా పైకెత్తాలి. ముందు చక్రం 21 అంగుళాలది. గుంతలో పడ్డా దిగబడకుండా దాటిపోవడానికి అంత పెద్దది. ఇంజను కింద 220 మిల్లీమీటర్ల ఖాళీ, అంటే రమారమి జానెడు. మధ్యలో వచ్చిన రాయి తగలకుండా ఉండడానికి. ముందు మడ్‌గార్డు చక్రానికి అంటీ ముట్టకుండా కొంగముక్కులాగా పైకి లేచి ఉంటుంది. అదెందుకో నల్లరేగడిలోకి దిగితే గాని తెలియదు.

ఇక ఈ బండ్లవాళ్ళు గుంపుగా చేరి జరుపుకొనే సవారీ ఉన్నదే, దానిని పందెం అనుకుంటారేమో, కాదు. దీనిలో గెలుపు లేదు. గడియారం లేదు. కప్పు లేదు. పోయిన డిసెంబరులో జమ్మలమడుగు దగ్గర అటువంటి సవారీ ఒకటి జరిగితే వెళ్ళాను. ఇరవై ఆరుగురం. ప్రొద్దుటూరు బట్టల వ్యాపారి ఒకాయన, బెంగుళూరు నుంచి వచ్చిన ఇంజనీర్లు నలుగురు, పళ్ళ డాక్టరమ్మ ఒకావిడ, ఇంకా రకరకాలవాళ్ళు. మోకాళ్ళకు, మోచేతులకు తొడుగులు వేసుకుని, తలకు హెల్మెట్టు పెట్టుకున్నాక ఎవరు డాక్టరో, ఎవరు లెక్చరరో ఆ దేవుడికే తెలియాలి.

దీనికి కొన్ని నియమాలు ఉన్నాయి. దారి తెలిసినవాడు ముందు నడుస్తాడు. బండి మరమ్మతు తెలిసిన మొనగాడు అందరికంటే వెనక వస్తాడు. మలుపు వచ్చినప్పుడల్లా ముందువాడి వెనకనే ఉన్నవాడు అక్కడ ఆగి, వచ్చేవాళ్ళకు దారి చూపించాలి. చిట్టచివరివాడు వచ్చాకనే కదలాలి. దీనివల్ల ఒక చమత్కారం జరుగుతుంది. మొదట ఉన్నవాడు తప్పనిసరిగా చివరకు పోతాడు, చివర ఉన్నవాడు మెల్లగా ముందుకు వస్తాడు. ఎవరికీ గర్వపడడానికి వ్యవధి చిక్కదు.

పొద్దున్నే టైర్లలో గాలి తగ్గించాం. 25 పౌన్లు ఉన్నదానిని 18కి దింపాం. టైరు కాస్త మెత్తబడి నేలను పట్టుకుంటుంది. తరువాత సీటు మీద కూర్చోవడం మానేసి ఫుట్‌రెస్టుల మీద నిలబడాలి. మోకాళ్ళు వంచి, మోచేతులు విడిచి, బండి ఎటు ఎగిరినా మన ఒంటికి తగలకుండా దానిని దాని పాటికి ఆడనివ్వాలి. చూపు ముందు చక్రం మీద కాదు, ఇరవై గజాల అవతల ఉండాలి. రాయిని చూస్తే రాయి మీదికే పోతాం, సందును చూస్తే సందులోకి పోతాం. ఈ సూత్రం బండికే వర్తిస్తుందా, బతుక్కు కూడానా అని నన్నడగకండి.

మొదటి గంట నాపరాళ్ళ నేల. పలకలు పేర్చినట్టున్న ఆ రాళ్ళ మీద బండి టకటకలాడుతూ పోతుంటే ఎద్దుబండి మీద తిరునాళ్ళకు పోయిన చిన్నతనం గుర్తుకు వచ్చింది. తరువాత ఒక వంక అడ్డం వచ్చింది. నీళ్ళు లేవు. అటునుంచి ఇటు అరఫర్లాంగు మేర ఇసుక. ఇసుకలో వేగం తగ్గిస్తే చక్రం కూరుకుపోతుంది, పెంచితే హాండిలు పాములాగా మెలికలు తిరుగుతుంది. అయిదు నిమిషాల్లో తొమ్మిది బండ్లు పడుకున్నాయి. పడినవాడు నవ్వుతున్నాడు, లేపేవాడు అంతకంటే ఎక్కువ నవ్వుతున్నాడు. ఇసుకలో పడితే దెబ్బ తగలదు, పరువు మాత్రమే పోతుంది. అందరి పరువూ ఒకేసారి పోతే అది పోయినట్టు కాదు.

అంతలో వెనక నుంచి టీవీఎస్ ఎక్సెల్ మోపెడు ఒకటి వచ్చింది. దాని మీద పంచె ఎగగట్టిన రైతు. రెండు పక్కలా పాలక్యాన్లు, వెనక పచ్చగడ్డి మోపు. కాళ్ళు రెండూ నేల మీద ఆనించి, ఈత కొడుతున్నట్టు తోసుకుంటూ, ఆ ఇసుకను ఆయన మా కళ్ళ ముందే దాటేశాడు. దాని బరువు మా బండిలో ఇంచుమించు సగం. "ఏం సామీ, బండ్లన్నీ పండుకున్యాయే!" అని పలకరించి మరీ వెళ్ళాడు. రెండు విధాల పనికివచ్చే బండి ఎవరిదో ఆ క్షణంలో మాకు తెలిసిపోయింది. మేము ఆదివారం నాడు ఆడుకునే ఆటను ఆయన రోజుకు రెండు పూటలు ఆడుతున్నాడు. దానికి ఆయన ఆట అని పేరు పెట్టుకోలేదు, అంతే తేడా!

వంక దాటాక నల్లరేగడి. ముందు రాత్రి వాన కురిసింది. రస్తాకు అటూ ఇటూ శనగచేలు మోకాటి ఎత్తుకు రాకుండానే చిక్కగా అల్లుకొని ఉన్నాయి. అక్కడ ఒక పెద్దాయన చేతికర్ర అడ్డం పెట్టి నిలబడ్డాడు.

"యాడికి పోతాండారు?"

"గండికోటకు, పెద్దాయనా."

"గండికోటకు తారురోడ్డు ఉండాది గదా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నా ఎమ్మే చాలలేదు.

ఆయన కోపంగా అనలేదు. తన చేలోకి వేలు చూపించాడు. పచ్చని పైరులో అడ్డంగా రెండు నల్లని చారలు. నెల కిందట ఇటువంటి బండ్ల మీదనే ఎవరో కుర్రాళ్ళు వచ్చారట. రస్తా బురదగా ఉన్నదని చేలోకి దించి పోయారట. "ఆ అచ్చుల్లో మళ్ళా మొలక లెయ్యల్యా. మా తాతకాలం నుంచి బండి పోవాల్నని ఈ రస్తా ఇడిసినాం. ఆటలకు గాదు" అన్నాడు.

మాలో ఒక కుర్రవాడు ఇది సర్వే నక్షాలో ఉన్న దారే, ఆపే హక్కు ఈయనకు లేదు అని గొణిగాడు. మాకు దారి చూపించే ఆయన ఇంజను ఆపి, హెల్మెట్టు తీసి, "నక్షా సంగతి ఆయనకు తెలియకపోవచ్చు. ఆయన చేను సంగతి నక్షాకు అసలే తెలియదు" అన్నాడు. చెరువుకట్ట మీదుగా చుట్టు తిరిగిపోదామని నిర్ణయించాం. అది ఆరు కిలోమీటర్లు ఎక్కువ.

చెప్పినంత తేలికా? ఆ ఇరుకు రస్తాలో ఇరవై ఆరు బండ్లను వెనక్కు తిప్పాలి, చక్రం చేలో పడకూడదు. ఒక్కొక్క బండి వెనకభాగాన్ని ముగ్గురేసి పట్టుకుని, లేపి, తిప్పి, మెల్లగా దించాం. నాలుగు బండ్లు తిప్పేసరికి అందరికీ ఆయాసం వచ్చింది. పెద్దాయన అంతసేపూ చూస్తూ నిలబడ్డాడు. అయిదో బండి లేపబోతుంటే కర్ర పక్కకు తీసి, "ఇంజన్లు ఆపి తోసుకొని పోండి. నేను ముందు నడుస్తా, నేను తొక్కిన చోటనే తొక్కండి" అన్నాడు.

అది సుమారు మూడు వందల గజాలు. ఆనాటి సవారీలో అంతటి కష్టం మరొకటి లేదు, అంతటి సరదా కూడా మరొకటి లేదు. నల్లరేగడి టైరుకు పట్టి, ఆ మట్టికి ఇంకా మట్టి పట్టి, చక్రం రోలంత అవుతుంది. మడ్‌గార్డు పైకి లేచి ఉన్నవాళ్ళు బతికిపోయారు. కింద ఉన్నవాళ్ళు పుల్లలతో గీకుతూ రావలసి వచ్చింది. పళ్ళ డాక్టరమ్మ బట్టల వ్యాపారి బండి తోస్తున్నది, ఇంజనీరు నా బండి తోస్తున్నాడు, గొణిగిన కుర్రవాడు అందరి బండ్లూ తోస్తున్నాడు. ముందు పెద్దాయన కర్ర ఊపుకుంటూ, ఊరేగింపులో స్వామికి ముందు నడిచే పూజారిలాగా నడుస్తున్నాడు.

ఈ చిన్న సంగతికి ఇంత ప్రాముఖ్యం ఎందుకంటారా? అమెరికాలో మొహావీ ఎడారిలో బార్‌స్టో నుంచి లాస్ వేగస్‌కు 1967లో ఒక మోటారు సైకిలు పందెం మొదలయింది. వేలమంది ఒకే వరసలో నిలబడి, ఒకేసారి ఎడారి మీద పడేవారు. నేల పాడవుతున్నదని 1975లో ప్రభుత్వం అనుమతి నిరాకరించింది. 1983లో మళ్ళీ ఇచ్చింది. 1989 తరువాత ఆ పందెం లేదు. ఆ ఎడారిలో బొరియలు తవ్వుకుని బతికే తాబేలు ముప్పులో ఉన్నదని 1990లో చట్టప్రకారం ప్రకటించారు. కాని లాస్ ఏంజలిస్ నుంచి బార్‌స్టో మీదుగా లాస్ వేగస్ దాకా రెండు రోజుల డ్యూయల్ స్పోర్ట్ సవారీ మాత్రం నిలిచింది. నంబరు ఉన్న బండ్లు, ఉన్న దారుల మీదనే, ఎవరి వేగాన వారు పోవాలి. పందెం పోయింది, ప్రయాణం మిగిలింది. దారిని గెలవాలనుకున్నవాళ్ళకు దారి మూసుకున్నది. దారిన పోతే చాలు అనుకున్నవాళ్ళకు తెరిచే ఉన్నది.

మన పుంతలకూ డొంకలకూ తాబేలు అక్కరలేదు, ఒక్క శనగచేను చాలు. ఆ దారులు మనవి కావు. ఎవరో తాతలు తమ పొలంలో బండి వెడల్పు నేల వదిలితే మిగిలినవి. వాటి మీద మనం చుట్టాలం. చుట్టం చెప్పులు ఎక్కడ విడవాలో తెలుసుకుంటే మళ్ళీ పిలుస్తారు.

సాయంత్రం గండికోట చేరాం. ఎర్రని బండలను నిలువునా కోసుకుంటూ పెన్న లోతున పారుతున్నది. ఆ అంచున ఒళ్ళంతా మట్టితో వరసగా కూర్చుని, మరమరాల బొరుగులు తిన్నాం. ఎవరు ముందు వచ్చారని ఎవరూ అడగలేదు. రస్తా చివర మమ్మల్ని వదిలేటప్పుడు పెద్దాయన మళ్ళీ రమ్మని అనలేదు, రావద్దనీ అనలేదు. కప్పులు లేని ఆటలో అంతకంటే పెద్ద కప్పు ఉంటుందని నేను అనుకోను.