నేలబారు కారులో మిర్యాలగూడకు

మా మేనల్లుడు కారు కొన్నాడని విని సంతోషించాము. పాత ఆల్టో 800. సంసారానికి అది చాలు. కాని ఆ ఆదివారం ఉదయం సూర్యాపేటలో మా ఇంటిముందు ఆగిన కారును చూచి మా ఆవిడ, "ఇదేమిటండీ, నాలుగు టైర్లలోనూ గాలి పోయినట్టుందే!" అన్నది.

గాలి పోలేదు. పొట్టి స్ప్రింగులు వేయించి కారును రెండంగుళాలు దించాడట. పైగా వెడల్పాటి టైర్లు!

"కంపెనీ టైరు 145/80 ఆర్ 12, మామయ్యా. నేను 165/70 వేయించిన" అన్నాడు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఇదేం బోధపడుతుంది? వాడే విడమరచి చెప్పాడు. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవది పక్కగోడ ఎత్తు, ఆ వెడల్పులో నూటికి ఎంత అని. 12 అంటే రిమ్ము అంగుళాలు. లెక్క వేశాను. పాత టైరు పక్కగోడ 116, కొత్తది 115.5. వెడల్పు 20 పెరిగినా ఎత్తు అర మిల్లీమీటరే తగ్గింది. గణాలు మార్చినా యతి చెడలేదురా అని మెచ్చుకున్నాను. ఆ మెప్పు ఫలితం కోదాడ దాటాక తెలిసింది.

మేము వెళ్ళేది మిర్యాలగూడలో వాడికి పిల్లను చూడడానికి. అక్కయ్య, బావగారు కోదాడలో ఉంటారు గనుక చుట్టుదారి అయినా అటే వెళ్ళాము. 65వ నంబరు జాతీయ రహదారి మీద కోదాడ దాకా సుఖంగా సాగింది. మలుపుల్లో కారు తూలలేదు. బరువు నేలకు దగ్గరైతే ఒరగడం తగ్గుతుంది. ఆ మాట ఒప్పుకోవాలి.

అక్కయ్య, బావగారు, రెండు బుట్టల పండ్లు ఎక్కేసరికి కారు వెనుకభాగం కుంగింది. కంపెనీ ఇచ్చిన నేల ఎడమే 160 మిల్లీమీటర్లు. అందులో రెండంగుళాలు మావాడు తీసేశాడు, మిగిలినదాంట్లో మా బరువు కొంత తిన్నది. ఊరు దాటీదాటక ముందే స్పీడు బ్రేకరు మీద పొట్ట గీసుకుంది. వెనుకచక్రం దగ్గర బర్రుమని చప్పుడు, రబ్బరు కాలిన వాసన.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి కొలత ప్రకారం స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల నిడివిలో మెల్లగా 10 సెంటీమీటర్ల ఎత్తు లేవాలి. ఊళ్ళలో పోసుకున్నవి మూరెడు నిడివిలోనే నిటారుగా లేస్తాయి. బడిపిల్లలు దాటేచోట పోసుకున్నారు, వారిని ఏమనగలం?

ఇక ప్రతి దిబ్బ దగ్గరా మేము దిగడం, వాడు ఖాళీ కారును ఏటవాలుగా దాటించడం, మళ్ళీ ఎక్కడం. అక్కయ్యకు మోకాళ్ళ నొప్పులు. నాలుగుసార్లు దిగింది. అయిదోసారి, "మళ్ళ దిగాల్నా బిడ్డా?" అని మెల్లగా అడిగింది. వాడు పలకలేదు.

బండిని రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. సుప్రీంకోర్టు 2019లో ఆ మాటే ఖాయం చేసింది. పెళ్ళిచూపుల దారిలో ఈ పాఠం ఎందుకని నోరు మూసుకున్నాను.

హుజూర్‌నగర్‌లో పంక్చర్లు వేసే ముసలాయన చక్రం విప్పి చూపించాడు. మడ్‌గార్డు అంచు టైరు భుజాన్ని చాకుతో గీసినట్టు కోసింది. "టైరుది తప్పు కాదు సార్. వెడల్పు రిమ్ముతోని చక్రం బయటికొచ్చింది, బండేమో కిందికొచ్చింది. ఖాళీగుంటె తగలది. మనుషులు కూసుంటెనే తగుల్తది" అన్నాడు.

మనుషులు కూర్చోవడానికి కాక కారు మరెందుకు?

మేము నలుగురం పండ్లబుట్టలతో బస్సెక్కాము. వాడు స్టెప్నీ బిగించుకుని వెనుక వచ్చాడు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక మారిపోయిన సీమ ఇది. ఎడమకాలువ కింద ఎటు చూచినా వరి. యాసంగి కోతలు ముగిసి రోడ్డు పొడుగునా వడ్లు ఆరబోశారు. ఎదురుగా ధాన్యం ట్రాక్టరు వస్తే మా బస్సు అంచుకు దిగి దారి ఇచ్చేది. మావాడు దిగలేక అక్కడే నిలబడి హారను మోగించుకునేవాడు. బస్సు వెనుక అద్దంలోంచి చూస్తూ చూస్తూ అక్కయ్య ఇటు తిరిగి కూర్చుంది.

మిర్యాలగూడ చేరేసరికి రైసుమిల్లుల ఉడికిన వడ్ల వాసన. బస్టాండులో ముప్పావుగంట కాచుకున్నాము. వాడు వచ్చి, తల్లి చేతిలోని బుట్ట అందుకుని, "పాత స్ప్రింగులు ఇంట్లనే ఉన్నయమ్మా" అన్నాడు.

అక్కయ్య బుట్టమీది గుడ్డ తొలగించి, "పండ్లు నలగలే" అన్నది.