వాయిదాల క్యాలెండరు

అరెస్టును చట్టం గంటల్లో కొలుస్తుంది. పట్టుకున్న మనిషిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. ప్రభుత్వోద్యోగి 48 గంటలకు మించి నిర్బంధంలో ఉంటే సస్పెండయినట్టే లెక్క అని సర్వీసు నిబంధనలు చెబుతాయి. అతను తప్పు చేశాడా లేదా అన్న విచారణతో దానికి పని లేదు, గడియారం తిరిగితే చాలు. మా చిన్నాన్న సబ్‌జైల్లో గడిపింది నాలుగు రాత్రులు.

1998లో, పొలం గట్టు దగ్గర తగాదా. కొట్టుకున్నది ఇద్దరు, ఫిర్యాదులో పేర్లు ఆరు. మా వైపు పల్లెల్లో ఇదొక పద్ధతి: ఎదుటి కుటుంబంలో ఉద్యోగస్తుడెవరైనా ఉంటే అతని పేరు తప్పకుండా రాయిస్తారు. జైలుకు పంపాలని కాదు, ఉద్యోగం మీద దెబ్బ కొట్టాలని. (చట్టాన్ని వకీళ్ళకంటే శ్రద్ధగా చదువుకున్నవాళ్ళు పల్లెల్లో ఉంటారనడానికి వేరే సాక్ష్యమక్కరలేదు.) ఆ తగాదా జరిగిన వేళకు చిన్నాన్న బడిలో పిల్లలచేత ఎక్కాలు చెప్పిస్తున్నాడు.

బెయిలుకు ఇద్దరు పూచీదారులు కావాలన్నారు. వాళ్ళకు ఆస్తి ఉన్నట్టు ఎమ్మార్వో ధ్రువపత్రం కావాలన్నారు. ఆ ఇద్దరిలో ఒకాయన ఆ తర్వాత ఎప్పుడు ఎంత చేబదులు అడిగినా మా ఇంట్లో ఎవరూ లేదనలేకపోయారు. బెయిలుకయ్యే ఖర్చును ఏ కోర్టూ లెక్కగట్టని పద్దు ఇది.

సస్పెన్షనులో సగం జీతం జీవనభృతిగా వచ్చేది. ఊరికే కూర్చోబెట్టి డబ్బిస్తున్నారుగా అన్నవాళ్ళూ ఉన్నారు. ఆయన మాత్రం రోజూ తొమ్మిదింటికల్లా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అరుగు మీద కూర్చునేవాడు. బడి గంట మా అరుగు మీదికి వినబడుతుంది. అది మోగగానే లేచి లోపలికి వెళ్ళిపోయేవాడు. పది నెలల తర్వాత మళ్ళీ కొలువులోకి తీసుకున్నారుగానీ, వేరే మండలానికి వేశారు.

ఇక వాయిదాలు. ఏడేళ్ళపాటు మా పిన్ని వంటింటి గోడ మీది క్యాలెండరులో పాల లెక్క పక్కనే వాయిదా తేదీ రాసి, చుట్టూ ఎర్ర సున్నా చుట్టేది. పెళ్ళిళ్ళ ముహూర్తాలు, తద్దినాలు, ఆస్పత్రి ప్రయాణాలు అన్నీ ఆ సున్నాను తప్పించుకుని జరగవలసిందే. ఆ రోజు ఒక సెలవు ఖర్చు. పొద్దున్నే మొదటి బస్సు, కోర్టు ఎదుటి హోటల్లో ఇడ్లీ, వరండాలో ఎదురుచూపు. బంట్రోతు మూడుసార్లు పేరు పిలుస్తాడు. అరవై మందికి పాఠాలు చెప్పిన మనిషి చేతులు కట్టుకుని "ఉన్నానండీ" అంటాడు. సాక్షి రాలేదనో, జడ్జిగారు సెలవనో, వకీళ్ళు విధులు బహిష్కరించారనో ఇంకో తేదీ. పలికింది ఒక్క మాటే, పోయింది ఒక రోజు. ఒకసారి జ్వరంతో వెళ్ళలేకపోతే వారంటు పుట్టింది. దాన్ని రద్దు చేయించుకోవడానికి మరో రెండు రోజులూ, వకీలు ఫీజూ.

2005లో కేసు కొట్టేశారు. తీర్పులో రాసినది, ప్రాసిక్యూషను సందేహాతీతంగా నేరాన్ని రుజువు చేయలేకపోయిందని. చిన్నాన్న ఆ నకలును ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచుకున్నాడు. పెద్దమ్మాయికి సంబంధం చూస్తున్నప్పుడు మగపెళ్ళివారి తరఫు పెద్దమనిషి అడిగాడు: "మాస్టారి మీద కేసుందటగా?"

"కొట్టేశారండీ."

"అదేలెండి, ఉండేదన్నమాట."

ఆ సంబంధం కుదరలేదు. కట్నం దగ్గర తేడా వచ్చిందని పైకి చెప్పారు.

ఇంతకంటే ఎన్నో రెట్లు పెద్ద కష్టం హైదరాబాదులో చాలామందికి కలిగింది. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక ఎందరో ముస్లిం యువకులను పట్టుకున్నారు. వారి మీది కేసులు నిలవలేదు. 2012లో రాష్ట్ర ప్రభుత్వం పరిహారమూ, మంచి నడవడిక ధ్రువపత్రాలూ ఇచ్చింది. పరిహారపు ఉత్తర్వును 2013లో హైకోర్టు చెల్లదంది. నా ఆలోచన ఆ ధ్రువపత్రం దగ్గరే ఆగిపోతుంది. ఇల్లు అద్దెకడిగేటప్పుడు దాన్ని చూపిస్తే అరెస్టు సంగతి తామే చెప్పుకున్నట్టు. చూపకపోతే, ఆ సంగతి ఇంకెవరో వచ్చి చెబుతారు.

అరెస్టు అవమానాన్నీ చెరగని మచ్చనూ మిగులుస్తుందని, ఏడేళ్ళదాకా శిక్ష పడగల నేరాల్లో యాంత్రికంగా అరెస్టులు చేయరాదని సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ కేసులో 2014లో చెప్పింది. మంచి తీర్పే. అయితే కొలువుల్లో చేరేటప్పుడు నింపే ధ్రువీకరణ పత్రాల్లో ప్రశ్న మాత్రం మారలేదు: ఎప్పుడైనా అరెస్టయ్యారా? నేరం చేశారా అని కాదు. దీనికి నిర్దోషి కూడా అవుననే రాయాలి. దాస్తే, దాచినందుకే ఉద్యోగం పోవచ్చు.

అమెరికా వీసా దరఖాస్తులోనూ ఆ ప్రశ్న ఉంది. 2016లో, డల్లాసులో ఉన్న చిన్నమ్మాయికి పురుడు. పిన్ని దరఖాస్తు అరగంటలో ముగిసింది. చిన్నాన్నది ఆ ప్రశ్న దగ్గర ఆగింది. అవును అని నొక్కగానే, వివరించండి అంటూ ఒక గడి తెరుచుకుంది. ఆయన తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో కొడుతున్నాను. గట్టు సంగతి, ఆరు పేర్ల సంగతి, బడిలో ఎక్కాల సంగతి, అన్నీ చెప్పాడు. అంతా పట్టదు చిన్నాన్నా అన్నాను. సరే కుదించమన్నాడు. సరిహద్దు తగాదా, తప్పుడు ఫిర్యాదు, 2005లో కోర్టు విడుదల చేసింది, నకలు జతపరిచాం అని రాసి చదివి వినిపించాను.

"నేను కొట్టలేదని రాశావా?"

"కోర్టు వదిలేసిందని రాశాను కదా."

"అది కోర్టు మాటరా నాయనా. నేను కొట్టలేదు. అది కూడా రాయి."

ఆ వాక్యమూ రాశాను.