కొత్త గుండె... పాత కాళ్ళు!

సినిమాల్లో జీపుని మీరంతా చూసే ఉంటారు. పోలీసు ఇన్‌స్పెక్టరు దిగేది జీపులోంచే. విలన్ మనుషులు దుమ్ము రేపుకుంటూ ఊరిమీద పడేదీ జీపుల్లోనే! 1969లో వచ్చిన 'ఆరాధన'లో టాపు లేని జీపెక్కి, డార్జిలింగ్ బొమ్మ రైలు వెంటబడి రాజేష్ ఖన్నా పాడుతుంటే దేశం దేశమంతా ఊగిపోయింది. అయితే ఒక్క మాట! హీరోని చూడ్డంలో పడి ఆ జీపు ముఖాన్ని ఎవరైనా సరిగ్గా చూశారా?

ఈసారి ఏదైనా పాత సినిమాలో మహీంద్రా జీపు కనబడితే బానెట్టు చూడండి. నుదురు పెద్దదైన మనిషిలాగా ఎత్తుగా ఉంటుంది. ఎందుకో తెలుసా? యుద్ధకాలం నాటి అమెరికా విల్లీస్ జీపులో 60 హార్స్‌పవర్ ఇంజను ఉండేది. తర్వాత 'హరికేన్' అనే 75 హార్స్‌పవర్ ఇంజను తయారైంది. అది పాతదానికన్నా పొడుగు. పాత బాడీలో పట్టలేదు. ఏం చేశారు? బండిని కొత్తగా గీయకుండా బానెట్టునే పైకి లేపేశారు! 1953లో వచ్చిన ఆ మోడల్ పేరు సీజే-3బీ. మన దేశంలో ఏళ్ళ తరబడి తిరిగిన జీపు అదే. అంటే మనం 'జీపు' అనగానే గుర్తొచ్చే ఆ ముఖమే, పాత బండిలో కొత్త ఇంజను దూర్చడం వల్ల పుట్టింది!

ఇంకో ముచ్చట కూడా చెప్పేస్తాను. 1945లో మహీంద్రా అన్నదమ్ములు గులాం మహమ్మద్‌తో కలిసి పెట్టిన కంపెనీ పేరు 'మహీంద్రా అండ్ మహమ్మద్'. దేశ విభజన తర్వాత ఆయన పాకిస్తాన్ వెళ్ళి, కొన్నాళ్ళకు ఆ దేశానికి గవర్నర్ జనరల్ అయ్యారు. ఇక్కడ 1948లో కంపెనీ 'మహీంద్రా అండ్ మహీంద్రా' అయింది. విల్లీస్ జీపుల మొదటి బ్యాచ్ 75 బళ్ళు మన దేశానికి దిగింది 1947 అక్టోబరులో.

సరే, ఇక మా ఊరికి రండి!

మాది జైనూర్. అప్పట్లో ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా. 'ఆర్ఆర్ఆర్'లో ఎన్టీఆర్ వేసిన పాత్రకి ఎవరి పేరు పెట్టారో, ఆ కుమురం భీం 1940లో నేలకొరిగిన జోడేఘాట్ మా పక్క మండలం కెరమెరిలోదే. మాది గుట్ట మీది ఊరు. ఆసిఫాబాద్ నుంచి రావాలంటే కెరమెరి ఘాటు ఎక్కాల్సిందే. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, నడుమ పాము మెలికల రోడ్డు. సినిమా షూటింగుకి భలేగా ఉంటుంది. రాత్రిపూట వానలో నడిపేవాడికి మాత్రం అంత భలేగా ఉండదు!

మా బాపుకి కిరాణా కొట్టు. సర్కారీ వేలంలో కొన్న సీజే-3బీ పెట్రోలు జీపు ఒకటి ఉండేది. పొద్దున కొట్టు సామాను మోసేది. సంతనాడు గూడేల జనాన్ని మోసేది. నాగోబా జాతరకి కేస్లాపూర్ పోయేది. అర్ధరాత్రి ఎవరికైనా కడుపునొప్పి వస్తే తలుపు తట్టేది మా ఇంటికే. కానీ దాని తాగుడు తాగుడు కాదు! లీటరుకి ఏడు కిలోమీటర్లు ఇస్తే ఆ రోజు మాకు పండగ. 1990 నాటికి డీజిలు ధర పెట్రోలులో సగానికి కాస్త అటూ ఇటూ. పైగా ఇంజను పొగ కక్కడం మొదలుపెట్టింది. పాత ఇనుము కింద అమ్మేయడమా, డీజిలు ఇంజను పెట్టించడమా? ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ.

"అమ్ముడేంది? గీ బండి లేకపోతే గూడెపోళ్ళు యాడికి పోతరు?" అంది అమ్మ. పంచాయితీ తేలిపోయింది!

ఆ వేసవిలో బాపు, అన్న, నేను జీపుని మంచిర్యాలలో ఒక షెడ్డుకి తీసుకుపోయాం. నాకు పదిహేడేళ్ళు. 'జగదేకవీరుడు అతిలోకసుందరి' ఆడుతున్న రోజులు. పగలంతా షెడ్డులో పానాలందించడం, సాయంత్రం సినిమా. ఇంతకన్నా ఏం కావాలి?

ఆ షెడ్డు పెద్దమనిషిని అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆయన ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ట్రాక్టరు వంశంలో పుట్టిన పెద్ద డీజిలు ఇంజను. ఇంటర్నేషనల్ ట్రాక్టర్ల ఇంజనే జీపుల్లోకీ వచ్చింది. రెండోది, ఫ్రాన్సు దేశపు పెజో కంపెనీ నుంచి మహీంద్రా వాళ్ళు 1979లో లైసెన్సు తీసుకుని తయారుచేసిన ఎక్స్‌డీపీ ఇంజను. యాక్సిడెంటులో బాడీ నలిగిపోయిన ఒక జీపులోంచి తీసిన పెజో ఇంజను, దాని గేరుబాక్సుతో సహా, షెడ్డులో సిద్ధంగా ఉంది.

మా అన్నకి ట్రాక్టరు ఇంజనే కావాలి. "ఉస్తాద్, దాని సప్పుడే వేరు! ధడ్ ధడ్ ధడ్మని వస్తుంటే ఊరంతా లేచి చూడాలె" అన్నాడు. అన్న మాటలన్నీ అలాగే ఉంటాయి. హీరో ఎంట్రీ సీను లెక్కలు!

ఉస్తాద్ నవ్వలేదు. సుద్దముక్క తీసి గోడ మీద లెక్క వేశాడు. ఈ జీపులో ఇరుసు పళ్ళ లెక్క 5.38. అంటే టాపు గేరులో ఇంజను 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. ట్రాక్టరు ఇంజను బలమైనదే, కానీ నిదానస్తురాలు. నిమిషానికి 2000 చుట్లు తిరిగిందనుకుందాం. 5.38తో భాగిస్తే చక్రానికి సుమారు 370 చుట్లు. చుట్టుకి రెండుంబావు మీటర్ల చొప్పున గంటకి 50 కిలోమీటర్లు! అంతకుమించి ఉరకాలంటే ఇరుసులో క్రౌను, పినియను కూడా మార్చాలి. పెజో ఇంజనైతే ఎక్కువ చుట్లు తిరుగుతుంది, ఉన్న ఇరుసుతోనే సరిపోతుంది.

అప్పుడు బాపు అడగాల్సిన ప్రశ్న అడిగాడు. "దీని తాకత్తెంత?"

"అరవై రెండు."

"మరి పాతదానిది?"

"డెబ్బై ఐదు."

మా అన్న ముఖం చూడాలి! కొత్త ఇంజను పెట్టించడానికి అంత దూరం పోతే, కాగితం మీద అది పాతదానికన్నా బలహీనం! ఉస్తాద్ మాత్రం తాపీగా చెప్పాడు. "సేఠ్, మీకు పందెం గుర్రం కావాల్నా, తక్కువ తిని ఎక్కువ దూరం నడిచే ఎద్దు కావాల్నా?"

బాపు ఎద్దునే ఎంచుకున్నాడు.

ఇంజను మార్చడమంటే బల్బు మార్చడం అనుకునేవాళ్ళు ఒక్కసారి అలాంటి షెడ్డులో కూర్చోవాలి. పదకొండు రోజులు పట్టింది. పాత ఇంజను కూర్చున్న దిమ్మెలు కొత్తదానికి కుదరవు. ఛాసిస్ మీద కొత్తవి వెల్డింగు చెయ్యాలి. ఇంజను వేలెడు పక్కకి జరిగినా ప్రొపెల్లర్ షాఫ్టు ఊగుతుంది. ముందు బరువుకి కమానులో ఇంకో పట్టీ చేర్చాలి. సైలెన్సరు గొట్టం కొత్త దారి పట్టాలి. ఇక కరెంటు సంగతి. మా బండిది 6 వోల్టుల బ్యాటరీ. పెట్రోలు ఇంజను గాలిని ఏడో వంతుకి నొక్కితే, డీజిలు ఇంజను ఇరవయ్యో వంతుకన్నా ఎక్కువగా నొక్కుతుంది. ఆ వేడికే డీజిలు అంటుకుంటుంది. అంత గట్టిగా నొక్కేదాన్ని తిప్పి లేపాలంటే 12 వోల్టుల పెద్ద బ్యాటరీ, కొత్త వైరింగు తప్పవు.

అన్నిటికన్నా తమాషా వైపరుది. మా పాత జీపు వైపరు కరెంటుతో ఆడేది కాదు! పెట్రోలు ఇంజను గాలి పీల్చుకునే గొట్టంలో పుట్టే లాగుడుతో ఆడేది. డీజిలు ఇంజనుకి గాలి దారిలో మూత ఉండదు కాబట్టి ఆ లాగుడు పుట్టదు. అంటే కొత్త గుండె పెట్టగానే బండికి కళ్ళు తుడుచుకునే చెయ్యి చచ్చుబడిపోయినట్టే! ఉస్తాద్ కరెంటు వైపరు బిగించాడు.

పదకొండో రోజు ఇంజను అందుకుంది. మేం ఈలలు వేశాం! బాపు డబ్బు లెక్కపెట్టి ఇవ్వబోయాడు. ఉస్తాద్ తీసుకోలేదు. తాళం కూడా ఇవ్వలేదు.

"బ్రేకుల పని కాలేదు సేఠ్."

"నేను తెచ్చింది ఇంజనుకు. బ్రేకులు పడుతున్నయి గద!" అన్నాడు బాపు. నిజం చెప్పాలంటే తెచ్చిన డబ్బు అయిపోయింది. ఇంటికి పోవడానికి డీజిలు డబ్బులే మిగిలాయి.

అప్పుడు ఉస్తాద్ ఆ పదకొండు రోజుల్లో మాట్లాడినదంతా ఒక ఎత్తు, ఒక్కసారిగా మాట్లాడింది ఇంకో ఎత్తు. "పాత ఇంజను పెట్రోలుది. ఘాటు దిగేటప్పుడు కాలు తీస్తే గొంతు మూసుకుని బండిని తనే ఆపుకునేది. మామూలు డీజిలు ఇంజను అంతగా పట్టదు. ముందు బరువు పెరిగింది. మీ నాలుగు చక్రాల బ్రేకులకీ ఆయిలు పోయేది ఒక్కటే లైను. ఒక్క చోట కారితే నాలుగూ పోతయి. రబ్బర్లు చూసిన, పెళుసు పట్టినయి. ఎక్కుడు ఇంజను పని సేఠ్. దిగుడు బ్రేకు పని. మీరుండేది గుట్ట మీద. డబ్బు తర్వాత పంపండి. బ్రేకులు చెయ్యకుండ తాళం మాత్రం ఇయ్య."

బాపు కాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత చొక్కా విప్పి పక్కన పెట్టి, "ఎన్ని దినాలు పడతది?" అని తనూ కూర్చున్నాడు. ఇంకో రెండు రోజులు పట్టింది. మాస్టర్ సిలిండరు, చక్రాల సిలిండర్ల రబ్బర్లు, లైనర్లు, గొట్టాలు అన్నీ కొత్తవి. మా అన్నకి బొత్తిగా నచ్చలేదు. బ్రేకుకి సప్పుడుండదు కదా!

ఆ సంవత్సరం ఆగస్టులో ఒక రాత్రి. ముసురు. మార్లవాయి వైపు గూడెం నుంచి ఒక మనిషి తడుస్తూ వచ్చి తలుపు తట్టాడు. భార్యకి పొద్దుటి నుంచి నొప్పులు, కాన్పు కావడం లేదు. ఉట్నూరు దారిలో వాగు పొంగింది. మిగిలింది ఒక్కటే దారి, ఘాటు దిగి ఆసిఫాబాద్.

బాపు నడిపాడు. నేను పక్కన. వెనక పరుపు మీద ఆ అక్క, ఆమె తల ఒళ్ళో పెట్టుకుని మా అమ్మ. వైపరు ఆడుతూనే ఉంది. ఘాటు మొదట్లోనే బాపు రెండో గేరులోకి దింపాడు. సగం దిగాక ఒక మలుపు తిరిగేసరికి రోడ్డుకి అడ్డంగా చెట్టు పడి ఉంది! బాపు బ్రేకు తొక్కాడు. బండి బురదలో కొంచెం జారి, నిటారుగా, చెట్టుకి మూరెడు దూరంలో ఆగింది. వెనక అమ్మ, "ఏమైందయ్యా?" అంది. "ఏం గాలే" అన్నాడు బాపు. ఆ ఇద్దరు మగవాళ్ళూ, నేనూ కలిసి కొమ్మలు నరికి, ఫోర్‌వీల్ వేసి పక్కనుంచి ఎక్కించి దాటించాం. తెల్లారేలోపు ఆసిఫాబాద్ చేరాం. తల్లీ, పిల్లా దక్కారు.

సినిమా అయితే ఆ జీపు గాల్లో ఎగిరి చెట్టుమీంచి దూకేది. థియేటరులో కాగితాలు ఎగిరేవి. మా జీపు ఆగింది. అంతే! ఆగడానికి ఎవరూ ఈల వెయ్యరు. కానీ నన్నడిగితే ఆ రాత్రి అదే హీరో పని.

ఆ వారమే బాపు మంచిర్యాలకి మనియార్డరు చేశాడు. అదే నెల ఇరాక్ కువైట్‌ని ఆక్రమించడంతో ఆ తర్వాత పెట్రోలు ధర ఇంకా పైకి పోయింది. లీటరుకి పన్నెండు ఇస్తున్న మా ఎద్దుని చూసి అన్న కూడా గర్వపడ్డాడు!

ఇదంతా ఇప్పుడెందుకంటే, పాత జీపు కొని కొత్త ఇంజను పెట్టిస్తామని ఉబలాటపడే కుర్రాళ్ళు నాకు తరచూ తగులుతుంటారు. వాళ్ళకి రెండు మాటలు. మొదటిది చట్టం. మేం చేయించినప్పుడు రవాణా ఆఫీసులో అనుమతి తీసుకుని కొత్త ఇంజను నంబరు పుస్తకంలో ఎక్కించుకున్నాం. తర్వాత నిబంధనలు బిగిశాయి. కంపెనీ ఇచ్చిన లక్షణాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కాబట్టి పానా పట్టుకునే ముందు ఆర్టీఏ గడప తొక్కండి. డీజిలు చవక అన్న పాత లెక్క కూడా కుదరదు. 2014 అక్టోబరులో డీజిలు ధర మీద సర్కారు అదుపు తీసేశారు.

రెండో మాట ఉస్తాద్‌ది. ఎవరైనా "మా బండిలో ఎంత హార్స్‌పవర్ ఇంజను పెట్టానో తెలుసా!" అంటే నేను తల ఊపి వింటాను. విని, "బాగుందబ్బాయ్, బ్రేకులు ఎవరు చేశారు?" అని అడుగుతాను. సగం మంది దగ్గర జవాబుండదు. మీ దగ్గర ఉండాలని నా కోరిక!